కంట్లో ఉప్పునీళ్ళు, గొంతులో చేదు: అమ్మ శుక్లం ఆపరేషన్ కాగితాలు

నరసన్నపేట నుంచి అమ్మను తీసుకుని శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగిన రోజు నుంచి చుక్కలమందు ఆపేదాకా చాలా వారాలు పట్టింది. ఆపరేషన్ కాసేపటి పని. నాకు కష్టమైంది కేసు షీటు చదవడమే.

మొదటి పేజీలో ‘వీఏ’ అంటే చూపు. అమ్మకు కుడి 6/12, అంటే మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలదు. ఎడమ ‘సీఎఫ్ 2 మీటర్లు’. అంటే ఎడమ కంటికి బోర్డు మీద అక్షరం ఆనలేదు, రెండు మీటర్ల దూరంలో చూపిన వేళ్ళను మాత్రం లెక్కపెట్టగలిగింది. అదీ కుదరక చెయ్యి కదలడమే తెలిస్తే ‘హెచ్ఎమ్’, వెలుతురు ఒక్కటే తెలిస్తే ‘పీఎల్’. ‘ఐఓపీ’ కంటి లోపలి ఒత్తిడి. 10 నుంచి 21 దాకా మామూలు.

తర్వాత సిరింజింగ్. దీన్ని చాలామంది ఊరికే కన్ను కడగడం అనుకుంటారు. కంటి లోపలి మూల దగ్గర ఒక్కో రెప్ప అంచున సూదిమొనంత రంధ్రం ఉంటుంది. మొన మొద్దుగా ఉన్న సూదితో అందులోకి సెలైన్ ఎక్కిస్తారు. కన్నీటి గొట్టం తెరుచుకుని ఉంటే నీళ్ళు ముక్కులోకి దిగి గొంతుకు చేరతాయి.

“మామ్మా, గొంతులో ఉప్పగా తగిలిందా?” అంది నర్సు. అమ్మ గుటక వేసి తలూపింది. షీటులో ‘పేటెంట్’ అని రాశారు. దారి బాగుందని దానర్థం. నీళ్ళు అవతలి రెప్ప రంధ్రంలోంచి వెనక్కి తన్నినా, చీము కలిసి వచ్చినా శుక్లం ఆపరేషన్ ఆగుతుంది. కన్నీటి సంచిలోని క్రిములు కోసిన కంట్లోకి చేరితే కన్నే పోవచ్చు. అందుకే ముందు ‘డీసీఆర్’ చేసి కన్నీటికి ముక్కులోకి కొత్త దారి వేస్తారు.

ఏ-స్కాన్ అంటే కంటి పొడవు కొలిచే అల్ట్రాసౌండ్. అందులో కంటి పొడవు 1 మి.మీ. తప్పు పడితే లోపల పెట్టే లెన్స్ పవర్ దాదాపు రెండున్నర తేడా వస్తుంది. కంటికి ఆనించే ప్రోబ్ నొక్కుకుంటే కొలత తగ్గిపోతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ తీస్తారు. విసుక్కోకూడదు. మగవాళ్ళు ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతుంటే, ఎప్పుడో మానేసినా సరే, చెప్పి తీరాలి. ఆ మందుతో కనుపాప సరిగా విప్పారక ఆపరేషన్ కష్టమవుతుంది.

డిశ్చార్జి కాగితంలో నేను బోల్తాపడబోయాను. చుక్కల ఎదురుగా ‘ఓఎస్’, మాత్ర ఎదురుగా ‘ఓడీ’. కంటి లెక్కలో ఓడీ కుడి కన్ను, ఓఎస్ ఎడమ, ఓయూ రెండూ. మాత్ర దగ్గర ఓడీ అంటే రోజుకొకసారి. రెండూ ఒకే కాగితం మీద! సీసాకి ప్లాస్టర్ ముక్క అంటించి ‘ఎడమ’ అని తెలుగులో రాసేశాను.

స్టెరాయిడ్ చుక్కలు రోజుకు 6 సార్లతో మొదలుపెట్టి వారానికొకటి తగ్గించమన్నారు. మధ్యలో ఆపితే వాపు తిరగబెడుతుంది. పాలలా ఉండే మందు అడుక్కి దిగిపోతుంది, సీసా బాగా కుదపాలి. రెండు మందులకూ మధ్య 5 నిమిషాలు.

“కంట్లో ఏస్తే గొంతు సేదేటిరా?” అంది అమ్మ. మందూ అదే గొట్టంలోంచి దిగిపోతోందన్నమాట. అప్పట్నుంచి చుక్క వేశాక కన్ను మూయించి, ముక్కు పక్కన లోపలి మూలను రెండు నిమిషాలు మెత్తగా అదిమి పట్టుకున్నాను. కంటిగుడ్డు మీద వేలు పడనివ్వలేదు. చేదు తగ్గింది.