వెచ్చగానే ఉంది, కానీ నేల పొడి రాలింది

ఎముకలు కొరికే చలిలో ఫ్లోరింగ్ కాంక్రీట్ వేయాల్సి వచ్చింది. రాత్రికి సున్నా డిగ్రీల కిందికి పడిపోతుందని తెలుసు. కాంక్రీట్‌కి సుమారు 3.5 మెగాపాస్కల్ బలం రాకముందే అందులో నీరు గడ్డకడితే, ఆ తర్వాత ఎంత క్యూరింగ్ చేసినా ఆ నష్టం పూడదు. అందుకే చుట్టూ టార్పాలిన్లు కట్టి హీటర్ అద్దెకు తెచ్చాం.

లెక్కలోనే తప్పు చేశాను. టార్పాలిన్లు కట్టిన చోటు పొడవు పది మీటర్లు, వెడల్పు ఎనిమిది, ఎత్తు మూడు. అంటే 240 ఘనపు మీటర్ల గాలి. గంటకు రెండుసార్లు గాలి మారినా, 15 డిగ్రీలు పెంచడానికి రెండున్నర కిలోవాట్లు చాలు అనుకున్నాను. పల్చటి టార్పాలిన్ గుండా పోయే వేడి దానికి ఆరేడు రెట్లుంటుందని తట్టలేదు. కాంక్రీట్ వేయడానికి ముందురోజు సాయంత్రమే వెలిగించి చూశాం కాబట్టి బతికిపోయాం. చాలని ఆ చిన్న హీటర్‌ని తిప్పి పంపి, 30 కిలోవాట్ల ప్రొపేన్ హీటర్ తెప్పించాను.

ఈసారి వేడి బాగా నిలిచింది. అయితే చలిగాలి రాకూడదని సందులన్నీ మూసేశాం. ఆ హీటరేమో మంట, పొగ అన్నీ లోపలికే వదిలే రకం. అర్ధరాత్రి కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. వాసన లేని విషవాయువు. అలారం లేకపోతే కాపలా ఉన్నవాళ్ల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. అందరినీ బయటికి పంపి, హీటర్ ఆపి, రెండు వైపులా పట్టాలు ఎత్తేశాం. కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది, అందుకే పట్టాల నుంచి చుక్కలు కారుతున్నాయి.

మూడో రోజు నేలను రుద్దితే చెయ్యి తెల్లబడింది. పొగలోని కార్బన్ డయాక్సైడ్ పచ్చి కాంక్రీట్ పైపొరలోని సున్నంతో కలిసి దాన్ని గుల్ల చేస్తుందట. గ్రైండింగ్ చేయించి, పైపొరను గట్టిపరిచే హార్డెనర్ కొట్టించాల్సి వచ్చింది.

పక్క భాగానికి పొగ గొట్టం ఉన్న హీటర్ తెచ్చాం. యంత్రం బయట, వేడిగాలి డక్ట్ లోపల. వేడి కొంత గొట్టంలోనే పోతుంది కాబట్టి ఇంధనం ఎక్కువే తాగింది. డక్ట్ మూతిని నేలకేసి పెడితే ఆ మూల ముందే ఎండి బీటలిస్తుందని గోడవైపు తిప్పాం, కాంక్రీట్ మీద పాలిథిన్ పరిచాం. ఆపేటప్పుడు కూడా ఒక్కసారిగా కాకుండా వేడి మెల్లగా తగ్గించాం.

పాలిథిన్ తీశాక మేస్త్రీ వంగి అరచేత్తో నేలను గట్టిగా రుద్ది, చెయ్యి నాకు చూపించాడు. "ఏమీ అంటలేదు సార్," అన్నాడు.