లాకుల వరకు నడక

లాకుల వంతెన పిట్టగోడ మీద కూర్చుని నాడి లెక్కపెట్టుకుంటూ ఉండగా, సైకిల్ మీద అరటిగెలలు తీసుకువెళ్తున్న ఒకాయన ఆగి, "ఏమండీ, ఆయాసంగా ఉందా?" అని అడిగారు. ఆయాసం లేదని చెప్పాను గాని, భయంగా ఉందని చెప్పలేకపోయాను.

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకొని నేటికి 47 రోజులు. దెబ్బతిన్న గుండె కండరం మాని మచ్చకట్టడానికి సుమారు 6 నుంచి 8 వారాలు పడుతుందని డాక్టరు గారు చెప్పారు. అయినా రాత్రివేళ ఛాతీలో కాస్త పట్టినట్లు అనిపిస్తే చాలు, అది గ్యాసో మరొకటో తేల్చుకోలేక, మా ఆవిడను లేపాలా వద్దా అని చీకట్లో తటపటాయిస్తూ ఉంటాను. తానూ మెలకువగానే ఉంటున్నానని, ఏమాత్రం అనుమానం కలిగినా లేపమని ఆమె నిన్న చెప్పింది.

ఈ ఏడాది ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. ఉప్పు తగ్గించవలసింది నేనొక్కడినే. మానుకున్నది మాత్రం అందరూ.

ఆయన సైకిల్ దిగి, గట్టు చివర మలుపు వరకు నాతో నడిచి వచ్చారు.