ఎడమ పక్క నట్లు

సెలవుకి ఊరొచ్చిన మూడో రోజు మా మేనల్లుడు నాలుగు సెకండ్ హ్యాండ్ అల్లాయ్ చక్రాలు తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. వాడి పాత మారుతీ 800కి బిగించాలట.

"కన్నాలు కొంచెం కలవట్లేదు మావయ్యా. లేత్ దగ్గర కొత్తవి వేయించేద్దామా?" అన్నాడు.

టేపు తెమ్మన్నాను. నాలుగు బోల్టుల చక్రమైతే కొలవడం తేలిక. ఎదురెదురు కన్నాల నడిమి నుంచి నడిమికి ఎంతుందో అదే పీసీడీ. చక్రాలది 100 మిల్లీమీటర్లు, కారు హబ్బుది, అంటే చక్రం బిగించే ఇరుసు కొస భాగానిది, 114.3. అంటే ఒక్కో స్టడ్డు (హబ్బు నుంచి పొడుచుకొచ్చే బోల్టు) దగ్గర ఏడు మిల్లీమీటర్ల పైన తేడా. పాత కన్నం పక్కనే కొత్తది వేస్తే రెండూ కలిసిపోయి 8 అంకెలా తయారవుతుంది. ఇక నట్టు ఆనడానికి లోహం ఎక్కడిది?

"చక్రానికి కొలత ఇచ్చేది దాని వెనకున్న హబ్బురా. కొలత మార్చాలంటే బ్రేకు దాకా వెళ్లాలి" అన్నాను. ఈ మాట నేను కువైట్‌లో నేర్చుకున్నాను.

ఐటీఐ అయ్యాక అమ్మ గొలుసు తాకట్టు పెట్టి వెళ్లిన మొదటి ఏడాది అది. షువైఖ్‌లో ఒక గ్యారేజీ. వేసవిలో నీడనే 48 డిగ్రీలు. పానా ఎండలో మర్చిపోతే గుడ్డ లేకుండా పట్టుకోలేం. పాత అమెరికన్ కార్లంటే అక్కడ చాలామందికి ప్రాణం. ఒకాయన 1968 డాడ్జ్ డార్ట్ తెచ్చాడు. నాలుగు పక్కలా డ్రమ్ము బ్రేకులే. అయిదు బోల్టులు, పీసీడీ నాలుగంగుళాలు, అంటే 101.6. ఆ కొలతకి చక్రాలు దొరకడం గగనం. నాలుగున్నర అంగుళాలకి, అంటే 114.3కి అయితే కావలసినన్ని.

ఎడమ పక్క ముందు చక్రం విప్పమన్నారు నన్ను. నట్టు కదల్లేదు. పానాకి పైపు తొడిగి బలం కొద్దీ తిప్పాను. స్టడ్డు పుటుక్కున తెగింది. మా ఉస్తాద్, పాకిస్తాన్ ఆయన, లేచి వచ్చాడు. పక్క స్టడ్డు కొసన ఉన్న మురికిని బొటనవేలితో తుడిచి చూపించాడు. ఎల్ అక్షరం, అంటే లెఫ్ట్. ఆ రోజుల్లో డాడ్జ్ చేసే క్రిస్లర్ వాళ్ల కార్లకి ఎడమ పక్క మర తిరగేసి ఉండేది. చక్రం తిరుగుడుకి నట్టు వదులవకూడదని. నేను విప్పుతున్నాననుకుని బిగించాను.

తిడతాడనుకున్నాను. "ముందు చూడు, తర్వాత తిప్పు" అన్నాడంతే. జీతంలో కోస్తారేమోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మకి ఫోన్ చేసి బాగానే ఉన్నానని చెప్పాను. జీతం కొయ్యలేదు.

డార్ట్ కుటుంబం కార్లకి 1973 నుంచి 76 దాకా డిస్క్ బ్రేకులున్న వాటిలో 114.3 కొలతే వచ్చింది. ఉస్తాద్ ఆ కుటుంబంలోదే ఒక 1974 ప్లిమత్ వేలియంట్ సామాను తెప్పించాడు. బ్రేకు డిస్కులు, వాటిని నొక్కి పట్టే కాలిపర్లు, ముందు హబ్బు తిరిగే స్పిండిళ్లు. ఆ స్పిండిల్‌కి పెద్ద బాల్ జాయింట్ (గుండ్రటి కీలు) పడుతుంది కాబట్టి దాన్ని పట్టుకునే పై కంట్రోల్ ఆర్మ్‌లు కూడా మార్చాలి. పెడల్ తొక్కితే బ్రేకు నూనెని తోసే మాస్టర్ సిలిండర్ కూడా. డ్రమ్ముల మాస్టర్‌లో లైనులో కాస్త ప్రెషర్ నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. అది డిస్కుల వైపు ఉండిపోతే ప్యాడ్లు పూర్తిగా వదలవు, రాసుకుంటూ కాలిపోతాయి.

ముందు పని అయ్యేసరికి కారాయనకి తొందర. వెనక తర్వాత చూద్దామన్నాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "ముందొక కొలత, వెనకొక కొలత ఉంటే స్టెప్నీ ఏ చక్రానికి?" అన్నాడు. వెనక ఇరుసు మొత్తం దించి, 114.3 కొలతది ఎక్కించాం. అయిదు బోల్టుల్లో దేనికీ ఎదురు బోల్టు ఉండదు కదా, అందుకని పక్కపక్క రెండిటి మధ్య కొలవమని నేర్పాడు. 67.2 ఉంటే 114.3, 59.7 ఉంటే 101.6. నా మంచం పక్క గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నాను.

చివర్న బ్రేకు లైన్లలో గాలి తీయడం. మాస్టర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక కుడి చక్రంతో మొదలుపెట్టాం. నేను లోపల పెడల్ తొక్కుతుంటే ఆయన కింద నుంచి "పట్టు, వదులు" అనేవాడు. మెత్తగా దిగిపోతున్న పెడల్ ఒక్కసారి గట్టిపడి నిలిచింది. పదకొండేళ్లయినా అది నా పాదానికి గుర్తే.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. "పోనీ చక్రానికి, హబ్బుకి మధ్య అడాప్టర్లు వేస్తే?" అన్నాడు. వేస్తే చక్రం బయటికి జరిగి బేరింగు మీద భారం పడుతుంది. పైగా మా ఊరి రోడ్డుకి ఒక పక్క కాలువ, ఒక పక్క వరి చేను. గట్టుకి గోడ లేదు. ధాన్యం ట్రాక్టర్ ఎదురైతే బ్రేకు ఒక్కటే దిక్కు. వీడు ఆ కార్లో మా అక్కని ఆసుపత్రికి తీసుకెళ్తాడు.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చక్రాలు డిక్కీలో పెట్టాడు. రేపు పొద్దున్నే రాజోలు వెళ్లి ఇవి తిరిగిచ్చేసి, 114.3వి ఉంటే తెస్తానన్నాడు. టేపు జేబులో వేసుకుని నేనూ వెళ్తున్నాను.