తెర ముందు కూర్చునే ముందు

అమెరికాలో నర్సులుగా పని చేస్తున్న మన ఆడపిల్లలు కొందరు తరచుగా నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు: ఇంటి నుంచే రోగులను చూసే నర్స్ ప్రాక్టీషనర్ (పైచదువు చదివి, రోగులను పరీక్షించి మందులు రాసే నర్సు) కావాలంటే ఏ దారిలో రావాలి? పన్నెండు గంటల షిఫ్టులు, నైట్ డ్యూటీలు చేసి అలసిపోయినవారు అలా ఆశపడటం ఎంతో సమంజసం. టెలిహెల్త్‌లో, అంటే వీడియో ద్వారా దూరం నుంచే రోగులను చూసే విధానంలో, పని చేయడం నాకు మనస్ఫూర్తిగా ఇష్టం. అయినా వారికి మొదట చెప్పే మాట ఒక్కటే: రోగిని చేత్తో తాకి పరీక్షించడం బాగా పట్టుబడిన తరువాతే, తాకకుండా పరీక్షించే ఈ పనికి రండి.

చదువు దారి అందరికీ తెలిసిందే. ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు, నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ, ఆపైన మాస్టర్స్ లేదా డాక్టరేటు, చివరగా జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష. కోర్సులో భాగంగా ప్రిసెప్టర్ (క్లినిక్కులో దగ్గరుండి పని నేర్పేవారు) పర్యవేక్షణలో రోగులను చూడవలసిన సమయం కనీసం 750 గంటలు ఉండాలని 2022లో వెలువడిన జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పాఠాలు ఆన్‌లైన్‌లో వినవచ్చు గానీ, ఈ గంటలు మాత్రం ఎక్కువగా క్లినిక్కులోనే గడపాలి. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి ఈ వృత్తికి మొదటి శిక్షణ ప్రారంభించినప్పుడు, అప్పటికే పిల్లల ఆరోగ్యాన్ని దగ్గరగా చూస్తూ వచ్చిన నర్సులకు మరింత బాధ్యత అప్పగించాలన్నదే వారి ఆలోచన. రోగి పక్కన నిలబడి పొందిన బెడ్‌సైడ్ అనుభవమే పునాదిగా పుట్టిన వృత్తి ఇది.

ఆ అనుభవం తెర మీద ఎలా అక్కరకొస్తుందో చెబుతాను. ఆయాసంగా ఉందని ఒక పెద్దాయన వీడియోలోకి వచ్చారనుకోండి. నేను వెంటనే ప్రశ్నల జాబితా అందుకోను. ఆయనను మాట్లాడనిచ్చి, ఒక వాక్యం పూర్తి చేయడానికి మధ్యలో ఎన్నిసార్లు ఊపిరి కోసం ఆగుతున్నారో, ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కండరాలు బిగుస్తున్నాయో లేదో గమనిస్తాను. తరువాత ఫోనును ఛాతీ వైపు తిప్పమని కోరి, గడియారం చూస్తూ నిమిషం పాటు శ్వాసలు లెక్కపెడతాను. కాళ్లు వాచాయంటే, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి వేలు తీయమంటాను. అక్కడ పడిన గుంట ఎంతసేపు నిలుస్తుందో ఇద్దరమూ చూస్తాము. పడుకుంటే ఆయాసం పెరుగుతోందేమో తెలుసుకోవడానికి, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారని అడుగుతాను. ఆ గుంట ఎంత లోతుంటే ఆందోళన పడాలో ఒకప్పుడు వార్డులో నా వేళ్లు నేర్చుకున్నాయి కాబట్టే, ఈ రోజు మరొకరి వేలు నొక్కినా నాకు అర్థమవుతోంది. ఇక వీడియోతో తేలదని, రోగి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లవలసిందేనని గుర్తించడమే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద నేర్పు అని నా నమ్మకం.

అందుకే ప్రతి సందర్శనలోనూ నా మొదటి ప్రశ్న, "ఇప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు?" అనే. నా ఇంటి నుంచి అమెరికా అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే అది మా ప్రాంతపు కేంద్రానికే వెళుతుంది. రోగి ఉన్న చోటికి అంబులెన్సు రావాలంటే అక్కడి చిరునామా, అక్కడి అత్యవసర కేంద్రం నంబరు ముందుగానే నా దగ్గర ఉండాలి. ఇదే ప్రశ్నకు చట్టపరమైన ప్రాధాన్యమూ ఉంది. నేను ఎక్కడ కూర్చున్నానన్నది ఒక్కటే సరిపోదు, సాధారణంగా రోగి ఉన్న రాష్ట్రపు లైసెన్సు నాకు తప్పనిసరి. ఎప్పుడూ చూసే రోగే అయినా, ప్రయాణంలో ఉండి నాకు లైసెన్సు లేని రాష్ట్రంలోకి అడుగుపెడితే ఆ రోజు సందర్శన ఆగిపోవచ్చు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆర్‌ఎన్‌లకు అనేక రాష్ట్రాల్లో చెల్లుబాటయ్యే కాంపాక్ట్ లైసెన్సు నర్స్ ప్రాక్టీషనర్ హోదాకు వర్తించదు; రాష్ట్రానికొకటి చొప్పున విడిగా తెచ్చుకోవాలి. అధికారాలు కూడా రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఆరిజోనా, ఒరెగాన్, వాషింగ్టన్ వంటి చోట్ల స్వతంత్రంగా ప్రాక్టీసు చేయవచ్చు. టెక్సస్‌లో మాత్రం మందులు రాయాలంటే వైద్యునితో లిఖిత ఒప్పందం ఉండాలి. నియంత్రిత మందులది (దుర్వినియోగమయ్యే ప్రమాదం ఉన్నందున చట్టం కట్టడి చేసినవి) మరో చిక్కు: 2008 నాటి ర్యాన్ హైట్ చట్టం ప్రకారం వాటిని ఆన్‌లైన్‌లో రాసే ముందు సాధారణంగా ఒకసారైనా ముఖాముఖి పరీక్ష జరగాలి. కోవిడ్ కాలంలో ఇచ్చిన సడలింపును పలుమార్లు పొడిగిస్తూ వచ్చారు కాబట్టి, మందు రాసే నాటికి ఏ నిబంధన అమల్లో ఉందో చూసుకోవలసిన బాధ్యత మనదే.

ఉద్యోగంలో చేరే ముందు జీతం ఒక్కటే చూడకండి. ఒక్కో రోగికి ఎన్ని నిమిషాలు ఇస్తారు, గంటకు చెల్లిస్తారా లేక సందర్శనకు ఇంతనా, సందేశాలకు జవాబివ్వడానికీ, రోగి వివరాలు రికార్డులో రాసే చార్టింగుకూ విడిగా సమయం ఉందా, అదనపు రాష్ట్రాల లైసెన్సు ఫీజులు ఎవరు కడతారు అన్నవి రాతపూర్వకంగా అడగండి. మాల్‌ప్రాక్టీస్ బీమా (వైద్యంలో పొరపాటు జరిగిందంటూ వేసే కేసులకు రక్షణ) టెలిహెల్త్‌కూ, మీరు చూసే రాష్ట్రాలన్నిటికీ వర్తిస్తుందో లేదో, ఉద్యోగం మానేశాక వచ్చే కేసులకు రక్షణ ఉంటుందో లేదో కూడా తేల్చుకోండి. రోగిని నేరుగా చూడాలని మీరు నిర్ణయిస్తే అతన్ని ఎక్కడికి పంపుతారన్న ప్రశ్నకు ఆ సంస్థ దగ్గర స్పష్టమైన జవాబు లేకపోతే, జీతం ఎంత ఇస్తామన్నా అక్కడ చేరవద్దనే చెబుతాను.