పాతిపెట్టినదాన్ని మళ్లీ తవ్వకండి

ఆదివారం బాప్తిస్మం అయితే సాయంత్రానికల్లా ఫొటోలు అందరి స్టేటస్‌లలో ఉంటాయి. సంతోషమే. కానీ బాప్తిస్మం తీసుకున్నవారు నెల తిరక్కుండానే ప్రార్థనకు రావడం మానేస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు. పెళ్లి కుదిరిందని కొందరు, సర్టిఫికెట్ కోసం కొందరు నీళ్లలో దిగుతున్నారు. చూస్తుంటే బాధ, కోపం రెండూ వస్తాయి. బైబిల్లో రోమా పత్రిక 6వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు బాప్తిస్మాన్ని సమాధి అన్నాడండీ! క్రీస్తుతో కూడా మనం పాతిపెట్టబడ్డామన్నాడు.

బతికున్నవాణ్ని ఎవరూ పాతిపెట్టరు. మారుమనస్సు లేకుండా దిగితే పాత మనిషే తడిసి బయటికొస్తాడు, అంతే. ఇంకో సంగతి, చనిపోయినవాడు తనను తాను పాతిపెట్టుకోలేడు. వేరే చేతులు కావాలి. అందుకే ఎవరూ తనకు తాను బాప్తిస్మం ఇచ్చుకోరు. పాపమెరుగని ప్రభువైన యేసే యొర్దాను నదిలో బాప్తిస్మమిచ్చే యోహాను చేతులకు తనను అప్పగించుకున్నాడు.

పాస్టర్ గారు నన్ను నీళ్లలోకి వంచినప్పుడు ఒడ్డున పాడుతున్న పాట ఒక్కసారిగా వినపడకుండా పోయింది. ఊపిరి లేదు, కాళ్లకు పట్టు లేదు, ఆయన చేతుల మీదే ఉన్నాను. నా చదువు, నా మంచితనం ఏవీ నన్ను పైకి లేపలేవని అప్పుడు తెలిసింది. ఇప్పటికీ రోమా 6:4 చదివితే ఆ చేతులు గుర్తొచ్చి కళ్లు చెమరుస్తాయి.

యేసు పక్కన సిలువ మీద రక్షణ పొందిన దొంగకు బాప్తిస్మం ఎక్కడిది అని అడుగుతుంటారు. అతనికి కిందికి దిగివచ్చే దారి లేదు, మీకుంది. ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో ఫిలిప్పు చెప్పిన యేసు సువార్త విని, నీళ్లు కనబడగానే రథం ఆపించాడు. మీరెందుకు ఏళ్ల తరబడి ఆగుతున్నారు?

బాప్తిస్మం తీసుకున్నాక శోధనలు ఎక్కువయ్యాయని దిగులుపడే తమ్ముడా, చెల్లీ, ప్రభువు కూడా యొర్దాను నుంచి నేరుగా అరణ్యానికే వెళ్లాడు, 40 దినాలు. నీ బాప్తిస్మం వట్టిది కాదు. గట్టిగా నిలబడు.

నాకు మాత్రం ఫిలిప్పీ చెరసాల నాయకుడంటే ప్రాణం. ఖైదీలుగా వచ్చిన పౌలు, అతని తోటి సేవకుడు సీలల కాళ్లను బొండలో (కాళ్లు కదలకుండా బిగించే కొయ్యలో) బిగించి, వాళ్ల దెబ్బల సంగతి పట్టించుకోకుండా నిద్రపోయినవాడు. అదే రాత్రి భూకంపం తర్వాత వాళ్ల మాట విని ఆ గాయాలు కడిగి, వెంటనే ఇంటివారందరితో బాప్తిస్మం పొంది, వాళ్లను ఇంట్లోకి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. బిగించిన చేతులే కడిగాయి! ఆ పాత నాయకుడు మళ్లీ కనబడలేదు.

మరి మనం? పదేళ్ల కిందటి మాటను మనసులోంచి తవ్వి తీసి, పక్క బెంచీలో కూర్చున్నవారితో మాట్లాడకుండానే ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో, చెయ్యి వేస్తున్నాం. నీళ్లలో పాతిపెట్టిన పగ మళ్లీ ఎవరిది? బాప్తిస్మానికి పేరిచ్చినవాళ్లూ వినండి. తెల్లబట్టలు తర్వాత కుట్టించుకోవచ్చు. మీవల్ల గాయపడినవాళ్లు ఇంట్లో ఉన్నా, సంఘంలో ఉన్నా ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. వెళ్లలేకపోతే ఈ రోజే ఫోన్ చేయండి.