గో కంపైలర్ పట్టేవి, వదిలేసేవి

గో అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న కీవర్డులు (భాష తనకోసం ఉంచుకున్న పదాలు) 25. లూప్ కావాలంటే ఫర్ ఒక్కటే దిక్కు. ఎర్రర్లు పట్టే ట్రై-క్యాచ్ లేదు, ఒక టైప్ లక్షణాల్ని మరోటి వారసత్వంగా తీసుకునే ఇన్‌హెరిటెన్స్ లేదు. ఇంత చిన్న భాషలో చెడ్డ కోడ్ దాక్కోలేదని చాలామంది నమ్ముతారు. అందులో నిజం సగమే.

ఫంక్షన్‌లో వేరియబుల్ పెట్టి వాడకపోయినా, ప్యాకేజీని ఇంపోర్ట్ చేసి వదిలేసినా, కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ బిల్డ్ ఆపేస్తుంది. ఎర్రర్ కూడా ఫంక్షన్ తిరిగిచ్చే మామూలు రిటర్న్ వాల్యూనే. ఫైల్ తెరిచేటప్పుడు దాన్ని కాదనుకుంటే అండర్‌స్కోర్ పెట్టక తప్పదు, రివ్యూలో అది ఇట్టే కనబడుతుంది. ఇఫ్‌లో ఇఫ్ దూర్చే అలవాటు కూడా దాగదు: కోడ్ రూపం సరిచేసే గోఫ్మ్ట్ టూల్ ట్యాబులు సర్దగానే కోడంతా కుడివైపుకి జరిగిపోతుంది. ఎర్రర్ వచ్చినచోటే రిటర్న్ చేసేస్తే అసలు పని ఎడమ అంచునే సాగుతుంది.

అయితే కంపైలర్ అడిగేది ఒకటే: ఈ వేరియబుల్‌ని ఎక్కడైనా వాడారా? మొదటి కాల్ తర్వాత ఎర్రర్ చూసి, రెండో కాల్ ఎర్రర్‌ని అదే వేరియబుల్‌లో వేసి మరిచిపోతే ఏమీ అనదు. ఫైల్ తీసేసే ఓఎస్ రిమూవ్‌ని ఫలితం అందుకోకుండా పిలిచినా అంతే, గోతో వచ్చే తనిఖీ టూల్ గో వెట్ కూడా ఊరుకుంటుంది. మొదటి తప్పును ఇన్‌ఎఫ్‌అసైన్, రెండోదాన్ని ఎర్‌చెక్ అనే లింటర్లు (కోడ్‌ని నడపకుండానే తప్పులు వెతికే టూల్స్) పట్టుకుంటాయి. చాలా లింటర్లని కలిపి నడిపే గోలాంగ్‌సీఐ-లింట్ ఈ రెండింటినీ డిఫాల్ట్‌గానే నడుపుతుంది. అది లేని సీఐ పైప్‌లైన్‌ని (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, టెస్టులు నడిపే ఏర్పాటు) నేను నమ్మను.

అసలు ప్రమాదం గోరూటీన్లలో, అంటే మిగతా కోడ్‌తో పాటే విడిగా నడిచే ఫంక్షన్ కాల్స్‌లో ఉంది. కాల్ ముందు గో అని రాయడం మరీ తేలిక, అది ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ ఆలోచించరు. రిక్వెస్టుకి జవాబిచ్చే హ్యాండ్లర్ ఒక గోరూటీన్ మొదలుపెట్టి, బఫర్ (అందుకునేవాళ్లు వచ్చేదాకా విలువని ఉంచే చోటు) లేని చానెల్ (గోరూటీన్లు విలువలు పంపుకునే దారి) దగ్గర జవాబు కోసం 2 సెకన్లు చూసి, టైమవుట్‌తో వెళ్లిపోయిందనుకోండి. తర్వాత జవాబు పంపబోయిన గోరూటీన్‌కి అందుకునేవాళ్లుండరు. ప్రాసెస్ బతికున్నంతకాలం అక్కడే నిలబడిపోతుంది. గోరూటీన్ స్టాక్ (దాని పనికిచ్చే మెమరీ) మామూలుగా 2 కేబీ అంత చిన్నగా మొదలవుతుంది కాబట్టి టెస్టుల్లో తేడా తెలియదు. ప్రొడక్షన్‌లో మెమరీ మెల్లగా ఎక్కుతుంది, రీస్టార్ట్ చేస్తే దిగుతుంది, దాంతో కారణం వెతకడం ఆగిపోతుంది. గో ప్రొఫైలింగ్ టూల్ పీప్రాఫ్‌లో గోరూటీన్ ప్రొఫైల్ (ఏ గోరూటీన్ ఎక్కడుందో చూపే జాబితా) తీయండి: ఒకే లైన్ దగ్గర వేలకొద్దీ చానెల్ సెండ్‌లో ఆగి ఉంటే ఇదే. చానెల్‌కి 1 బఫర్ ఇస్తే పంపేవాడు ఆగడు. రద్దు కబురు మోసే కాంటెక్స్ట్‌ని లోపలి కాల్ దాకా పంపితే అనవసరమైన పని కూడా ఆగుతుంది.

లూప్‌లో డిఫర్‌తో ఫైళ్లు మూసే అలవాటూ ఇలాంటిదే. డిఫర్ పనిని ఫంక్షన్ ముగిసేదాకా వాయిదా వేస్తుంది, అప్పటిదాకా ఒక్కటీ మూతపడదు. లూప్ లోపలి పనిని వేరే ఫంక్షన్‌గా తీస్తే సరి.

రెండు గోరూటీన్లు ఒకే మ్యాప్‌ని తాళం లేకుండా రాస్తుంటే అది రేస్. దాన్ని పట్టడానికి టెస్టులకి రేస్ ఫ్లాగ్ పెట్టండి. మెమరీ 5 నుంచి 10 రెట్లు తింటుంది. అదీ నడిచిన కోడ్‌లోని రేస్‌లనే చూపిస్తుంది కనుక, ఒకేసారి అనేక రిక్వెస్టులు పంపే టెస్టు ఒకటైనా రాయాలి.