సెబెయోస్ రాయని సెబెయోస్ చరిత్ర

ఏడో శతాబ్దంలో పర్షియా సామ్రాజ్యం ఎలా కూలింది, అరబ్బులు ఎలా పైకొచ్చారు అని ఏ మంచి పుస్తకం తెరిచినా ఫుట్‌నోట్లలో ఒక పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. సెబెయోస్, ఆర్మేనియా బిషప్పు. సెబెయోస్ ఇలా రాశాడు, సెబెయోస్ లెక్క ప్రకారం ఇంతమంది చనిపోయారు, ఇట్లా. కానీ ఆ చరిత్ర రాసింది సెబెయోస్ కాదని ఇప్పుడు ఆ విషయం తెలిసినవాళ్లు దాదాపుగా ఒప్పుకుంటున్నారు. ఇది చిన్న విషయమని నేను అనుకోను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ గ్రంథం ఇవాళ మన చేతికి వచ్చిందంటే 1672లో బిత్లిస్ పట్టణంలో ఎత్తిరాసిన ఒక ప్రతి పుణ్యమే. ఇప్పుడది యెరెవాన్‌లో, పాత చేతిరాత ప్రతులు దాచే మతెనదరాన్‌లో ఉంది. అసలు రచన 650ల నాటిది, చివర చేర్పులతో కలిపి 661 దాకా వస్తుంది. అంటే మూలానికీ ప్రతికీ మధ్య వెయ్యేళ్ల దూరం. ఆ ప్రతిలో ఈ చరిత్రకు శీర్షిక లేదు, రాసినవాడి పేరూ లేదు. ఇంకోపక్క, 1000 ప్రాంతంలో రాసిన స్తెపానోస్ తరోనెత్సి లాంటి ఆర్మేనియన్ రచయితలు, సెబెయోస్ అనే బిషప్పు బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం, చక్రవర్తి హెరాక్లియస్ చరిత్ర రాశాడని చెప్పిపోయారు. ఆ పుస్తకం ఎవరికీ దొరకలేదు. 19వ శతాబ్దంలో పేరులేని ఈ చరిత్ర పండితుల కంటపడేసరికి, ఇందులో హెరాక్లియస్ ఉన్నాడు, కాలం కూడా సరిపోయింది, ఇంకేముంది, ఇదే అది అనుకున్నారు. 1851లో కాన్‌స్టాంటినోపుల్‌లో అచ్చయినప్పుడు సెబెయోస్ పేరుతోనే వచ్చింది. ఆయన కల్పిత మనిషి కూడా కాదు. 645లో ఆర్మేనియాలోని ద్విన్ నగరంలో జరిగిన మతసభలో పాల్గొన్న బిషప్పుల్లో బగ్రతూనీలనే ఆర్మేనియా ప్రభువంశం వాళ్ల బిషప్పు సెబెయోస్ పేరుంది. ఒకవైపు మనిషి ఉన్నాడు, ఇంకోవైపు పుస్తకం ఉంది, రెంటికీ ముడేశారు.

ఆ ముడి విప్పినవాళ్లలో ముఖ్యంగా చెప్పాల్సింది ఆర్మేనియా పండితుడు గెవోర్గ్ అబ్గర్యాన్. 1960ల్లో ఆయన చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. సెబెయోస్ పుస్తకం నుంచి తీసుకున్నామని తర్వాతివాళ్లు చెప్పుకున్న ముక్కలు ఈ చరిత్రలో ఉన్నాయా అని వెతికాడు. లేవు. పోనీ ఇది హెరాక్లియస్ చరిత్రేనా అంటే అదీ కాదు, సగం పైగా కథ పర్షియా రాజు రెండో ఖొస్రో చుట్టూ తిరుగుతుంది. 1979లో అబ్గర్యానే దీనికి పరిష్కృత ముద్రణ తెచ్చాడు. 1999లో రాబర్ట్ థామ్సన్ ఇంగ్లిషు అనువాదం వచ్చినప్పుడు అట్ట మీదే సెబెయోస్‌కు ఆపాదించిన చరిత్ర అని వేశారు. అంత జాగ్రత్తగా వేసినా చదివేవాళ్లు మళ్లీ సెబెయోస్ అనే అంటున్నారు, అది వేరే సంగతి.

నేను నాగర్‌కర్నూల్‌లో పోటీ పరీక్షల పిల్లలకు చరిత్ర చెప్తుంటాను. మా దగ్గర గ్రంథం ఒకవైపు, గ్రంథకర్త ఇంకోవైపు, జతపరచండి అంతే. పేరు లేని గ్రంథానికి ఆ పట్టికలో గడి ఉండదు. రిటైరైన తెలుగు పండితులు ఒకాయన మా వీధిలోనే ఉంటారు, ఆయనకు ఈ ఆర్మేనియా సంగతి చెప్తే ముందు అడిగిన మాట, "మరి రాసిందెవరు బిడ్డా?" తెలియదు సార్ అన్నాను. "పేరు తీసేసి ఊరుకుంటరా? ఇంకో పేరన్న పెట్టాలె గదా."

ఆ ప్రశ్న ఆయన అడగడంలో అర్థం ఉంది. మాకు పక్కనే బిజినేపల్లి మండలంలో నందివడ్డెమాన్ ఉంది, పాత వర్ధమానపురం, గోన వంశం వాళ్లు ఏలిన చోటు. 13వ శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి రాసిన ద్విపద రామాయణానికి రంగనాథ రామాయణమని పేరు ఎందుకొచ్చిందో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. రంగనాథుడనే కవే రాశాడని ఒక మాట ఉంది. సార్ దానికి అస్సలు ఒప్పుకోరు, కోపం కూడా వస్తుంది, మా పాలమూరు కవిని మాకు కాకుండా చేస్తారా అని. కానీ ఇక్కడొక తేడా ఉంది, ఆయనకు కూడా అదే చెప్పాను. బుద్ధారెడ్డి, తన తండ్రి విఠలనాథుడి పేర ఈ రామాయణం చెప్తున్నానని పుస్తకంలోనే చెప్పుకున్నాడు. అది గ్రంథం లోపలి సాక్ష్యం. ఆర్మేనియా చరిత్రలో అలాంటి ఒక్క ముక్క కూడా లేదు. అక్కడున్న పేరు బయటి నుంచి, పన్నెండు వందల ఏళ్ల తర్వాత వచ్చి అతుక్కున్నది. ఈ రెండూ ఒకే రకం వివాదాలని అనుకోవడం సరికాదు.

పేరు పోతే మనిషి పోడు. పుస్తకం చదువుతుంటే ఆ మనిషి తెలుస్తూనే ఉంటాడు. 614లో పర్షియన్లు జెరూసలేం పట్టుకుని క్రీస్తు శిలువను ఎత్తుకుపోయాక, అక్కడి చర్చి పెద్ద మొదెస్తోస్ ఆర్మేనియా ప్రధాన మతాధిపతి కొమితాస్‌కు రాసిన ఉత్తరం, దానికి వచ్చిన జవాబు, రెండూ ఇందులో ఉన్నాయి. అవి అందుబాటులో ఉన్నవాడంటే చర్చికి బాగా దగ్గరివాడై ఉండాలి. ఇస్మాయేలు సంతతిలో, అంటే అరబ్బుల్లో, మహ్మెత్ అనే వర్తకుడు బయల్దేరి తన జనానికి అబ్రహాము దేవుణ్ణి గుర్తుచేశాడని, మద్యం, అబద్ధం, వ్యభిచారం కూడదన్నాడని రాస్తాడు. ముహమ్మద్ ప్రవక్త గురించి ముస్లిమేతరులు రాసిన వాటిలో బాగా పాతవాటిలో ఇదొకటి, ప్రవక్త పోయి నిండా పాతికేళ్లు కూడా కాలేదు. పైగా ఈ సంగతులు తనకెలా తెలిశాయో కూడా చెప్తాడు, బందీలుగా అరబ్బుల దేశానికి వెళ్లి కళ్లారా చూసినవాళ్ల నోట విన్నానని. తను విన్నదేంటో ఎవరి దగ్గర విన్నాడో విడిగా చెప్పే చరిత్రకారుడంటే నాకు గౌరవం, అతని పేరేదైనా.

నన్ను బాగా ఆపేసిన ఘట్టం ఇంకోటి. 653 ప్రాంతంలో బైజాంటియం చక్రవర్తి రెండో కాన్‌స్టన్స్ సైన్యంతో ద్విన్‌కు వస్తాడు. చర్చిలో గ్రీకు పద్ధతిలో ప్రార్థన జరుగుతుంది, ప్రధాన మతాధిపతి నెర్సెస్‌తో సహా ఆర్మేనియా బిషప్పులు చక్రవర్తితో కలిసి ప్రసాదం తీసుకుంటారు. అంటే ఇన్నేళ్లూ తాము కాదన్న గ్రీకు చర్చి సిద్ధాంతాన్ని ఔనన్నట్టే. ఒక్క బిషప్పు మాత్రం కిందికి దిగి జనంలో కలిసిపోతాడు. ఆ సంగతి చక్రవర్తి దాకా పోతుంది, పిలిపించి నిలదీస్తాడు. అప్పుడు ఎవరేమన్నారో మాటకు మాట రాశాడు మన రచయిత, కానీ ఆ బిషప్పు పేరు మాత్రం చెప్పడు. మిగతా చోట్ల సేనాపతుల పేర్లు, నాయకుల పేర్లు వరసగా చెప్పేవాడు ఇక్కడెందుకు చెప్పలేదు? ఆ బిషప్పే ఈ రచయిత కావచ్చని కొందరు అనుమానించారు. రుజువు లేదు. కానీ నాకు ఆ ఊహ నచ్చుతుంది, ఎందుకంటే అది పుస్తకం లోపలి నుంచి పుట్టింది. సెబెయోస్ అన్న ఊహ అట్టలు కలిపి చూడటం వల్ల పుట్టింది.

తప్పు పేరు వల్ల నష్టమేంటని పిల్లలు అడిగితే నేనిచ్చే జవాబు ఇదే. బగ్రతూనీల బిషప్పు రాశాడని ముందే నమ్మామనుకోండి, పుస్తకంలో బగ్రతూని సేనాపతి స్మ్‌బాత్‌ను పొగిడిన ప్రతి చోటా ఓహో సొంత మనుషుల గొప్ప చెప్పుకుంటున్నాడు అని తేల్చేస్తాం. పేరు తీసేస్తే ఆ పొగడ్త ఎక్కడి నుంచి వచ్చింది, రచయిత ముందు ఏ పాత రచన ఉండి ఉంటుంది అని వెతకాల్సి వస్తుంది. ఆ వెతుకులాటే అసలు చరిత్ర పని.

ఇంకా నాకు బాధ కలిగించేది అసలు సెబెయోస్ విషయం. ఆయన నిజంగా హెరాక్లియస్ మీద పుస్తకం రాసి ఉంటే, అది ఇప్పుడు తర్వాతివాళ్లు ఎత్తిచూపిన కొద్ది ముక్కల్లోనే మిగిలింది. ఇంకొకరి పుస్తకం ఆయన ఖాతాలో పడ్డాక ఆ ముక్కల్ని పట్టించుకునే అవసరం చాలామందికి కనిపించలేదు. సార్ ఇది విని చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ ముక్కలు ఎవరన్నా ఒకచోట చేర్చి అచ్చేసిండ్రా అని అడిగారు. అందుకే ఇకనుంచి మా క్లాసులో ఈ చరిత్ర ప్రస్తావన వస్తే అజ్ఞాత ఆర్మేనియన్ చరిత్రకారుడు అనే చెప్తాను, సెబెయోస్ గురించి వేరే గంటలో.